బంతిలో అందరికీ ఒకే వంట

ధ్యాన భాగాలు: దానియేలు 1:8–16; 1 కొరింథీయులకు 11:20–34; 2 రాజులు 4:38–41



ఈ వారం నేను వంట గురించి రాస్తున్నాను. పాస్టరుగారికి వంటింట్లో ఏం పని అనుకోకండి. మన మందిరంలో గుమ్మం పక్కన ప్రార్థన పెట్టె ఉంది కదా. అందులో పడే చీటీల్లో "షుగర్ తగ్గాలి", "మా నాన్నకు గుండె ఆపరేషన్ లేకుండా చూడాలి", "అమ్మ కాలి పుండు మానాలి" అనేవి లేని ఆదివారం నాకు గుర్తు లేదు. ఆ చీటీలు చేతిలో పట్టుకుని ప్రార్థన చేసి, గంట తర్వాత అదే ప్రజలకు విస్తరి నిండా అన్నం, మీద నూనె తేలే కూర వడ్డిస్తుంటే, మన ప్రార్థనకూ మన వడ్డనకూ మధ్య ఏదో తెగిపోయినట్టు ఉంటుంది. ఈ వారం ధ్యానం దాని గురించే.

ఇది ఒక్క పేరాల సంగతి కాదు. భారత వైద్య పరిశోధన మండలి వారి పెద్ద సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. మన దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉందనీ, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారనీ అందులో లెక్క కట్టారు. షుగర్ ఒంటరిగా రాదు. బీపీని, కొలెస్ట్రాల్‌ను వెంటబెట్టుకుని మెల్లగా గుండె మీదికి, మూత్రపిండాల మీదికి, కళ్ల మీదికి, కాళ్ల మీదికి వెళుతుంది. అందుకే షుగరుకు పథ్యం, గుండెకు పథ్యం అని రెండు వేరు వేరు వంటలు అక్కరలేదు. తెల్లన్నం, మైదా తగ్గించడం, ఉప్పు, నూనె తగ్గించడం, కూరగాయలు పెంచడం రెండింటికీ మేలు చేస్తాయి.

ఒక బాబాయి చెప్పిన మాట

మన సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు. పేరు రాయను. నేను బాబాయి అని పిలుస్తాను. నలభై ఏళ్లు మగ్గం నేసిన మనిషి. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా ఆ గుంటలోనే. షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది. రెండేళ్ల క్రితం గుండెలో నొప్పి వస్తే గుంటూరు తీసుకువెళ్లారు, స్టెంటు వేశారు. దేవుని కృపను బట్టి బాగానే ఉన్నారు. ఆరాధనకు ఒక్క వారం కూడా మానలేదు.

అయితే ఒక సంగతి నా కంట పడింది. నెల మొదటి ఆదివారం ప్రేమ విందు రోజున, ఆశీర్వాదం పలకగానే ఆయన చెప్పులు వేసుకుని వెళ్లిపోయేవారు. "బాబాయ్, భోజనం?" అంటే "ఇంటి దగ్గర చిన్న పనుంది అయ్యగారూ, వెళ్లొస్తాను" అనేవారు. ఒక సాయంత్రం వారింటికి ప్రార్థనకు వెళ్లినప్పుడు నెమ్మదిగా అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇలా అన్నారు:

"బంతిలో కూర్చుంటే ఒకరు వచ్చి 'ఒక్క ముద్దకేం కాదులే బాబాయ్' అని వద్దంటున్నా వేస్తారండి. ఇంకొకరు అటు నుంచి 'ఆయనకి షుగరు, వెయ్యమాకండి' అని అందరికీ వినబడేట్టు కేకేస్తారు. ప్రేమతోనే అంటారు ఇద్దరూ. కానీ నాకు రెండూ ఒకటేనండి. ఇంటికి పోయి రెండు ముద్దలు తింటే ఏ గొడవా ఉండదు."

పిన్ని గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. "ఇంట్లో కూడా అంతేనండి అయ్యగారూ" అన్నారు. "కొడుకు, కోడలు, పిల్లలు అందరూ ఒకటి తింటారు. ఈయనకు నేను వేరే గిన్నెలో ఉప్పు లేని కూర పెడతాను. ఆ గిన్నె చూస్తేనే ఈయన ముఖం మాడిపోద్ది."

ప్రియులారా, రోగం శరీరానికి వస్తుంది. ఆ వేరే గిన్నె మనసుకు వస్తుంది. మన ఇళ్లలో షుగర్ ఉన్నవాళ్లు మాత్రలకు భయపడరు, సూదికి భయపడరు. బంతిలో నుంచి లేచి పక్కకు పోవలసి రావడానికి భయపడతారు. పథ్యం నిలబడకపోవడానికి నాలుక ఒక్కటే కారణం అనుకుంటాం గాని, సగం కారణం ఆ ఒంటరితనమే.

వాక్యం ఏం చెబుతోంది?

కొరింథు సంఘంలో కూడా భోజనం దగ్గరే చిక్కు వచ్చింది. కలిసి తినడానికి కూడివచ్చి, ఎవరి భోజనం వారు ముందుగా తినేసేవారు. ఒకరు కడుపునిండా తిని తాగి ఉంటే, పక్కవాడు ఆకలితో మిగిలేవాడు. పౌలుగారు దీన్ని మర్యాద తప్పిన పనిగా చూసి వదిలేయలేదు. అది సంఘాన్ని తృణీకరించడమేనని గట్టిగా రాశారు. ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకుని ఉండండి అన్నదే ఆయన ఇచ్చిన మందు. మన మధ్య ఆ రోజుల్లాంటి ఆకలి లేకపోవచ్చు. కానీ అన్నీ వడ్డించిన బంతిలో తాను తినగలిగింది ఒక్కటీ లేక లేచి వెళ్లే సహోదరుడు కూడా ఆకలితో వెళ్లినవాడే.

ఇక దానియేలు సంగతి. బబులోను రాజు బల్ల మీది మాంసం, ద్రాక్షారసం వద్దని, కూరధాన్యాలు, మంచినీళ్లు అడిగాడని సండే స్కూల్ పిల్లలు కూడా చెబుతారు. అక్కడ మనం గమనించవలసినవి రెండున్నాయి.

మొదటిది, దానియేలు ఒక్కడే ఆ పథ్యం చేయలేదు. హనన్యా, మిషాయేలు, అజర్యా కూడా అదే తిన్నారు. పరాయి దేశంలో, రాజు వంటశాల వాసనల మధ్య, ఒక్క కుర్రవాడు ఒంటరిగా ఆకుకూరలు తినాలంటే ఎన్ని రోజులు నిలబడేవాడో! నలుగురు ఒకే పళ్లెం దగ్గర కూర్చున్నారు. పథ్యం నిలిచింది.

రెండవది, దానియేలు గొప్పలు చెప్పలేదు. పది రోజులు చూడండి, తర్వాత మా ముఖాలు పరీక్షించి మీరే నిర్ణయించండి అన్నాడు. విశ్వాసం ఉన్నవాడే పరీక్షకు సిద్ధపడ్డాడు. మన భాషలో చెప్పాలంటే, తిండి మార్చుకుని, గడువు పెట్టుకుని, రిపోర్టు తీయించుకున్నాడు! షుగర్ పరీక్ష చేయించుకోవడం అవిశ్వాసమని ఎవరైనా అంటే, దానియేలు మొదటి అధ్యాయం తీసి చూపించండి.

సొరకాయ నూడుల్స్ ఎందుకు?

బాబాయి మాట ఇంటికి వచ్చి పాస్టరమ్మతో చెప్పాను. ఆమె స్త్రీల సమాజంలో పెట్టారు. ప్రేమ విందులో షుగర్ ఉన్నవాళ్లకు ఒక మూల వేరే బల్ల వేద్దామని ఒకరన్నారు. "అప్పుడు ఆ వేరే గిన్నె ఇంకా పెద్దదవుతుంది, అంతేగా?" అన్నారు పాస్టరమ్మ. అందరూ తినేది, అందరూ ఇష్టంగా తినేది, ఆ ఒక్కరికీ పనికొచ్చేది ఉండాలి. అప్పుడు యవనస్థుల్లో ఒక అమ్మాయి, "మేము సాయంత్రం బండి దగ్గర నూడుల్స్ తింటాం కదా ఆంటీ, అదే రుచిలో సొరకాయతో చేస్తే?" అంది. ఫోనులో చూసిందట. విదేశాల్లో గుమ్మడి జాతి కాయల్ని మిషనుతో తీగల్లా కోసి, నూడుల్స్ బదులు వండుకుంటారు. మనకు ఆ కాయలూ ఆ మిషనూ లేకపోతేనేం, సొరపాదు లేని పెరడు ఉందా?

"సొరకాయ కూర మనం ఎప్పుడూ తినేదేగా, ఇందులో కొత్తేముంది?" అని ఒక పెద్దమ్మ అడిగారు. చాలా మంచి ప్రశ్న. తేడా కాయలో లేదు, విస్తరిలో దాని స్థానంలో ఉంది. కూరగా వండితే సొరకాయ అన్నం మీదికి వస్తుంది. గరిటెడు కూర, దాని కింద గుట్టంత అన్నం. తీగలుగా కోసి నూడుల్స్ లాగా వండితే సొరకాయ అన్నం కూర్చునే చోట కూర్చుంటుంది. "అన్నం తగ్గించు" అని ఎవరూ అనక్కరలేకుండానే అన్నం తగ్గుతుంది.

లెక్క కూడా చూడండి. వండిన అన్నం 100 గ్రాములు తీసుకుంటే అందులో సుమారు 28 గ్రాములు పిండి పదార్థం. అదే 100 గ్రాముల సొరకాయలో 3, 4 గ్రాములకు మించదు, మిగిలిందంతా దాదాపు నీరే. 300 గ్రాముల అన్నం తినేచోట 300 గ్రాముల సొరకాయ, ఒక చిన్న కప్పు అన్నం పెడితే, కడుపు నిండుతుంది, భోజనం తర్వాత షుగర్ అంత ఎత్తుకు లేవదు. పొట్లాల్లో దొరికే నూడుల్స్ మైదాతో చేసినవి. బరువులో సగానికి పైగా పిండి పదార్థమే, మసాలా పొట్లంలో ఉప్పు దండిగా ఉంటుంది. పేరు ఒకటే గాని, రెండింటికీ పోలిక లేదు.

వండే విధానం (నలుగురికి)

కావలసినవి: కిలో బరువున్న లేత సొరకాయ ఒకటి, క్యారెట్ ఒకటి, సన్నగా తరిగిన క్యాబేజీ రెండు గుప్పెళ్లు, క్యాప్సికం ఒకటి, ఉల్లిపాయ ఒకటి, వెల్లుల్లి రెబ్బలు ఆరు, చిన్న అల్లం ముక్క, పచ్చిమిర్చి మూడు, కోడిగుడ్లు నాలుగు, వేయించి కచ్చాపచ్చాగా దంచిన వేరుశనగపప్పు నాలుగు చెంచాలు, నూనె నాలుగు చిన్న చెంచాలు, మిరియాల పొడి, కరివేపాకు, కొత్తిమీర, ఒక నిమ్మకాయ. ఉప్పు మొత్తం కలిపి ముప్పావు చిన్న చెంచా. సోయా సాస్ వేయాలని పిల్లలు పట్టుబడితే ఒక చిన్న చెంచా వేసి, ఉప్పు ఆ మేరకు తగ్గించండి. సాస్ నిండా ఉప్పే.

కాయ చెక్కు తీసి, అదే పీలరుతో నిలువుగా పొడవాటి పట్టీలు తీయండి. గింజలు కనబడగానే కాయను తిప్పి రెండో పక్క తీయండి. గింజల మెత్తటి భాగం నూడుల్స్‌కు పనికిరాదు, పప్పులో వేసుకోండి. పట్టీలను నాలుగైదు ఒకదాని మీద ఒకటి పేర్చి, కత్తితో సన్నటి తీగలుగా కోయండి. చెప్పిన ఉప్పులోంచి పావు చెంచా చల్లి పది నిమిషాలు ఉంచితే నీరు దిగుతుంది. రెండు చేతులతో గట్టిగా పిండేయండి. ఈ పని చేయకపోతే బాణలిలో నూడుల్స్ కాదు, పులుసు తయారవుతుంది.

గుడ్లు ముందుగా ఒక చెంచా నూనెలో పొరటు చేసి పక్కన పెట్టుకోండి. ఇనుప బాణలి బాగా కాగాక మిగిలిన నూనె వేసి, వెల్లుల్లి, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, ఉల్లిపాయ వేయించండి. క్యారెట్, క్యాబేజీ, క్యాప్సికం వేసి పెద్ద మంట మీద రెండు నిమిషాలు తిప్పండి. చివర సొరకాయ తీగలు వేసి మూడు నిమిషాలు, అంతే. మూత పెట్టకండి. గుడ్డు పొరటు, వేరుశనగ, మిరియాలు, మిగిలిన ఉప్పు కలిపి, దింపాక నిమ్మరసం పిండండి. ఉప్పు తగ్గిన లోటు నిమ్మరసం, మిరియాలు తీరుస్తాయి. గుడ్డు తిననివారు ఉడికించిన పెసలు గాని శనగలు గాని వేసుకోవచ్చు. వేరుశనగ బదులు వేటపాలెం జీడిపప్పు నాలుగు పలుకులు వేసుకున్నా మంచిదే. ఉప్పు పట్టించి వేయించినవి మాత్రం వద్దు. గుడ్డు, పప్పు, గింజలు తప్పనిసరిగా ఉండాలి. ఒట్టి సొరకాయ తింటే గంటలో ఆకలి వేసి చేయి బిస్కెట్ల డబ్బా మీదికి వెళుతుంది.

చేదు కాయ, గిల్గాలు కుండ

తరగడానికి ముందు ఒక పని తప్పకుండా చేయండి. కాయ రెండు చివరల నుంచీ చిన్న ముక్క కోసి నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే వెంటనే ఉమ్మేసి ఆ కాయ పారేయండి. ఉడికిస్తే పోతుందిలే, మసాలా వేస్తే తెలియదులే అనుకోకండి. చేదెక్కిన సొరకాయలో ఒక విషం పుడుతుంది, వండినా పోదు. వాంతులు, రక్త విరేచనాలు, బీపీ పడిపోవడం దాకా వెళ్లిన వాళ్లున్నారు, ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. ముఖ్యంగా పొద్దున్నే సొరకాయ రసం తాగితే షుగర్ పోతుందని వినే వారికి చెబుతున్నాను: చేదుగా ఉన్న రసం మందు కాదు.

ఎలీషా కాలంలో గిల్గాలులో కరవు వచ్చినప్పుడు ఇదే జరిగింది. ప్రవక్తల శిష్యులకు వంట చేయబోతూ ఒకడు పొలానికి వెళ్లి, తెలియని అడవి తీగ కాయలు ఒడినిండా కోసుకొచ్చి తరిగి కుండలో వేశాడు. నోట పెట్టుకోగానే కుండలో మరణం ఉందని కేకలు వేశారు. ఎలీషా పిండి తెమ్మని కుండలో వేశాడు, ఆ భోజనం దోషం లేనిదయింది. ఆ అద్భుతం దేవునిది. కానీ దానికి ముందు మనుషులు చేసిన పని ఒకటుంది. రుచి తేడాగా ఉందని తెలియగానే, ప్రవక్తగారి విందు కదా అని మొహమాటపడి మింగలేదు. నోరు తెరిచి చెప్పారు. మన విందుల్లో ఎంతమంది మొహమాటానికి మింగుతున్నారో ఆలోచించండి.

మాత్రల గురించి, ఉపవాసం గురించి

నేను వాక్యం చెప్పేవాడినే గాని డాక్టరును కాను. అయినా కాపరిగా కొన్ని చెప్పి తీరాలి.

సొరకాయ తింటున్నాం గదా అని మాత్రలు మానకండి. ఇది తోడు మాత్రమే, మందుకు బదులు కాదు. స్టెంటు వేయించుకున్నవారు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు డాక్టరు చెప్పనిదే ఒక్క రోజు కూడా ఆపకూడదు. స్వస్థత ప్రార్థన చేయించుకున్నాక కూడా అంతే. హిజ్కియా రాజు కన్నీళ్లతో ప్రార్థించాడు, దేవుడు పదిహేనేళ్లు ఆయుష్షు పొడిగించాడు. అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద కట్టమన్నాడు. ప్రార్థన విన్న దేవుడే ఆ ముద్ద కూడా ఇచ్చాడు. షుగరు, బీపీ మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తున్నారు. డబ్బు లేదని మానుకునే పని లేదు.

ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు అన్నం ఒక్కసారిగా సగానికి తగ్గిస్తే షుగర్ మరీ పడిపోవచ్చు. ముందుగా డాక్టరుకు చెప్పండి, అవసరమైతే మోతాదు మారుస్తారు. చెమట, వణుకు, గుండెదడ, మాట తడబడడం కనబడితే, పరీక్షలో 70 కంటే తక్కువ వస్తే, మూడు చిన్న చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. పావుగంట తర్వాత మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఏ కూరగాయ ఎంత తినాలో డాక్టరును అడిగే తినాలి.

శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వచ్చే ఇన్సులిన్ వాడే అక్కలకు, అన్నలకు నా మనవి. తినకుండా రాకండి, తిని రండి. యెషయా 58వ అధ్యాయంలో దేవుడు తనకు ఇష్టమైన ఉపవాసం ఏమిటో చెప్పాడు. అందులో ఆకలిగొన్నవానికి మన ఆహారం పంచిపెట్టడం ఉంది, కట్లు విప్పడం ఉంది. ఖాళీ కడుపుతో కళ్లు తిరిగి పడిపోవడం అందులో లేదు.

అన్నం శత్రువు కాదు

ఇంత చెప్పాక ఎవరో ఒకరు "అయితే అన్నం మానేయమంటారా?" అంటారు. లేదు. మనం డెల్టా బిడ్డలం. బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, మన బాపట్ల పరిశోధన కేంద్రంలోనే పుట్టి 1986లో విడుదలయింది. దేశమంతా ఆ బియ్యం తింటోంది. దానికి ఎండాకు తెగులును తట్టుకునే గుణం కలిపి హైదరాబాదు శాస్త్రవేత్తలు మెరుగుపరచిన సాంబ మసూరి 2008లో ఇచ్చారు. ఆ రకం అన్నం మామూలు బియ్యం కంటే నెమ్మదిగా షుగర్‌ను పెంచుతుందని తర్వాత పరీక్షల్లో తేలింది. దాని గ్లైసీమిక్ ఇండెక్స్ సుమారు 51. 55 లోపు ఉంటే తక్కువ కింద లెక్క. దొరికితే వాడుకోవచ్చు. అయితే నెమ్మదిగా పెంచే బియ్యం కూడా గుట్టగా పెట్టుకుంటే పెంచుతుంది.

జాతీయ పోషకాహార సంస్థ వారు చెప్పే పళ్లెం చూడండి. రోజుకు 2,000 కేలరీలు తినే మనిషికి ధాన్యాలు 250 గ్రాములైతే, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు. ఇది రోగులకు చెప్పినది కాదు, ఆరోగ్యంగా ఉన్నవారికి చెప్పినది. అంటే బాబాయికి పెట్టవలసిన భోజనమూ, బాబాయి మనవడికి పెట్టవలసిన భోజనమూ దాదాపు ఒకటే. వేరే గిన్నె మొదటి నుంచీ అక్కరలేదు!

ఆ ఆదివారం

ఎనభై మందికి పాతిక కిలోల సొరకాయలు పట్టాయి. సగం పెరళ్ల నుంచే వచ్చాయి. శనివారం రాత్రి స్త్రీల సమాజం వారు, యవనస్థులు కలిసి మందిరం వసారాలో కూర్చుని తరిగారు. ప్రతి కాయా రుచి చూశారు. రెండు చేదు కాయలు దొరికాయి, పారేశారు. ఒకేసారి పెద్ద గుండిగలో వేస్తే ముద్దవుతుందని పది మందికి ఒక వాయి చొప్పున రెండు బాణళ్లలో వండారు. ఒక్కొక్కరికి నిండుగా నూడుల్స్, చిన్న గిన్నెడు అన్నం, పప్పు, ఓడరేవు నుంచి తెచ్చిన చేపల పులుసు. అందరికీ ఒకే గిన్నెలోంచి, ఒకే గరిటెతో. ఎవరికి షుగర్ ఉంది, ఎవరికి లేదు అని వడ్డించేవారు అడగలేదు. ఎక్కువ కావలసినవారు అడిగి వేయించుకోవాలి, అడగకుండా వేయకూడదు అని ఒక్క నియమం పెట్టుకున్నాం.

పిల్లలు రెండోసారి అడిగారు. ఇద్దరు ముగ్గురు పెద్దలు "విందంటే బిర్యానీ ఉండాలండీ" అని సణిగారు, నిజమే చెప్పాలి. బాబాయి మూడో బంతిలో మనవడి పక్కన కూర్చున్నారు. ఎలా ఉంది బాబాయ్ అంటే, "ఉప్పు తగ్గింది అయ్యగారూ" అన్నారు. తర్వాత, "అందరికీ తగ్గిందిగా, పర్లేదు" అన్నారు. బాణళ్లు కడిగేదాకా ఉండి, అరుగు మీద కబుర్లు చెప్పి వెళ్లారు. ఆయన షుగర్ ఎంత తగ్గిందని నన్ను అడగకండి. అది ఆయనకూ డాక్టరుకూ మధ్య సంగతి. నేను చూసింది చెబుతున్నాను: ఆశీర్వాదం తర్వాత చెప్పులు వేసుకోలేదు.

ఒక్క మాట. మన ఊరికి కలిసి భారం మోయడం కొత్త కాదు. 1921లో, మోయలేని మున్సిపాలిటీ పన్నులకు లొంగమని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట మీద చీరాల, పేరాల ప్రజలు వేలాదిగా ఇళ్లు విడిచి, ఊరి బయట రామనగరంలో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. ఎండకు, వానకు ఓర్చుకున్నారు. ఒక్క కుటుంబం ఒంటరిగా ఆ పాకలోకి వెళితే ఎన్నాళ్లు ఉండేది? ఊరంతా వెళ్లింది గనుక ఉండగలిగారు. అంత చేసిన పెద్దల పిల్లలం, మన ఇంట్లో ఒక మనిషి కోసం ఒక పూట ఉప్పు తగ్గించుకోలేమా?

ఈ వారం చేద్దాం

వారంలో రెండు పూటలైనా ఇంట్లో అందరూ ఒకే వంట తినండి, షుగర్ ఉన్నవారి వంటే అందరి వంటగా.

వద్దన్నవారికి వడ్డించకండి. వారి రోగాన్ని బంతిలో ప్రకటించకండి.

ముప్పై ఏళ్లు దాటినవారు షుగరు, బీపీ ఒకసారి పరీక్ష చేయించుకోండి. వచ్చే ప్రేమ విందుకు ముందు చేయించుకుంటే మరీ మంచిది.

దూరాన ఉన్న పిల్లలు అమ్మానాన్నలకు ఫోన్ చేసినప్పుడు "మాత్రలు వేసుకున్నారా?" అని మాత్రమే అడగకండి. "ఎవరితో కలిసి తిన్నారు?" అని కూడా అడగండి.

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, అనుదినాహారం ఇస్తున్న నీకు స్తోత్రాలు. మా పెరటి తీగకు కాయ ఇచ్చినవాడవు నీవే, డాక్టరు చేతికి జ్ఞానం ఇచ్చినవాడవు నీవే. షుగరుతో, గుండె జబ్బుతో బాధపడుతున్న మా తల్లులను, తండ్రులను, అక్కలను, అన్నలను జ్ఞాపకం చేసుకో. వారిని బంతిలో నుంచి లేపే మాట మా నోట రానివ్వకు. ఒకరి కోసం ఒకరం కనిపెట్టుకుని, ఒకే బల్ల దగ్గర కూర్చునే కృప మా ఇళ్లకూ మా సంఘానికీ దయచేయుమని యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.

ప్రభువు సేవలో,
మీ కాపరి, పేరాల